ఎనభై ఏడు మీటర్ల అవతలి ఆడపడుచు

గొలుసు అటక దిగింది.

ముప్పై ఒక్క ఏళ్ల సర్వే కొలువులో చేలను, చెరువులను, గట్లను, గట్టు తగాదాలను కొలిచి కొలిచి అలసి, యజమానితోపాటే విశ్రాంతి పుచ్చుకుని, తొమ్మిదేళ్లుగా పాత దుప్పట్ల కింద తపస్సు చేసుకుంటున్న ఆ నూరు లింకుల ఉక్కు గొలుసు, ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు సమస్త ఝణఝణధ్వానాలతో పునఃప్రవేశం చేసింది. ముందుగది గుమ్మం దగ్గర తల పెట్టి, భోజనాల బల్ల కాళ్ల మధ్యనుంచి మెలికలు తిరిగి, వంటింటి గడప మీద తోక ఆనించింది.

ఇల్లు రెండు రాజ్యాలైంది. అవతలి ఒడ్డున ఆడపడుచు, ఇవతలి ఒడ్డున కోడలు. నడుమ పంచదార డబ్బా.

"అమ్మా," అంది ఆడపడుచు, చేతికందే దూరంలో ఉన్న వదిన వైపు చూడకుండా. "ఆఫీసువాళ్లను కాస్త అడుగు. ఆ పంచదార డబ్బా నాకు ఎన్ని మీటర్ల అవతల ఉందో."

"నువ్వే అడుగు. నా నోట్లో గుండుసూదులున్నాయి," అంది అత్తగారు కుట్టుమిషను దగ్గరనుంచి, పెదవులు కదపకుండా. నలభై ఏళ్ల దర్జీ పని ఆమెకు నేర్పిన విద్య అది. కోపం వచ్చినప్పుడు నోట్లో సూదులు పెట్టుకుంటే ఎవరూ బదులు ఆశించరు.

"వాళ్లతో నేను మాట్లాడకూడదులే. వాళ్లు వలయం లోపలివాళ్లు. మేం బయటివాళ్లం."

కోడలు డబ్బాను గొలుసు మీదుగా జరిపింది. ఆడపడుచు దాన్ని చూసి, పంచదార లేని టీనే ఒక్క గుక్కలో తాగి, గెలిచినట్టు ముఖం పెట్టింది.

ఈ మహాయుద్ధానికి మూలం అరఠావు కాగితం. నగర కార్యాలయంనుంచి శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన ఆ కాగితాన్ని ఆడపడుచు ఇప్పటికి ఇరవై సార్లు చదివి వినిపించింది; ఇరవై ఒకటోసారికి గొంతు సవరించుకుంది. వృత్తిరీత్యా ఆమె పశువుల డాక్టరు. పాకకు ఆ చివరనున్న ఎద్దుకు కూడా వినపడేలా మాట్లాడడం అలవాటు.

"'మీ నివాసం పాఠశాలనుంచి సరళరేఖలో మూడు వేల ఎనభై ఏడు మీటర్ల దూరమున ఉన్నందున, అనగా నిర్ణీత మూడు కిలోమీటర్ల వలయమునకు ఎనభై ఏడు మీటర్లు అవతల ఉన్నందున, మీ కుమార్తెకు ప్రవేశము కల్పించుటకు చింతిస్తున్నాము.' కల్పించుటకు చింతిస్తారట! కల్పించలేకపోయినందుకు కూడా కాదు! ఎనభై ఏడు మీటర్లు! మా వీధిలో పళ్ల బండివాడు నీడ కోసం రోజూ అంతకన్నా ఎక్కువ జరుగుతాడు. ఎద్దుకు సూది వేసేముందు కూడా ఒకసారి దాని ముఖం చూస్తాం నాన్నా. వీళ్లు అదీ చూడలేదు."

కాగితం అడుగున 'పటాల విభాగం' అని ముద్ర, ముద్ర పక్కన సంతకం ఉన్నాయి. ఆ విభాగంలో పనిచేసేది ఒక్కరే. ఆ ఒక్కరూ ఇప్పుడు పంచదార డబ్బా పక్కన కూర్చుని, చల్లారిన టీ మీద కట్టిన మీగడను చెంచాతో ఒక మూలకు నెడుతున్నారు.

"రెండువైపులా చూస్తే..." అని మొదలుపెట్టాడు కోడలి భర్త.

"నీకెప్పుడూ రెండువైపులే అన్నయ్యా! కళ్లజోళ్ల దుకాణంలో అద్దం తీసి అద్దం పెట్టి 'ఇలా బాగుందా, అలా బాగుందా' అనడమే గాని, ఏది బాగుందో పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా చెప్పావా?"

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. శాంతికాముకులకు అదొక వెసులుబాటు. జోడు చేతిలో ఉన్నంతసేపూ ఎదుటివాళ్ల కోపం మసకగా కనిపిస్తుంది.

ఈలోగా మామగారు రంగప్రవేశం చేశారు. ఒక చేతిలో అంచులు చిరిగిన పాత సర్వే పటం, ఇంకో చేతిలో కాంపాసు, తలమీద కొలువునాటి టోపీ. తొమ్మిదేళ్లుగా పాలప్యాకెట్టు తేవడంకన్నా గొప్ప దండయాత్ర ఎరుగని ఆ మహావీరుడి కళ్లలో ఈ ఉదయం యవ్వనం వెలుగుతోంది.

"కొలిచాను," అన్నారు. "మూడుసార్లు కొలిచాను. బడి గేటునుంచి అమ్మాయి ఇంటి గుమ్మానికి రెండు వేల తొమ్మిదొందల నలభై మీటర్లు. మీటరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంటే ఎనభై ఏడు మీటర్లు బయట కాదు. అరవై మీటర్లు లోపల!"

ఆడపడుచు కుర్చీలోంచి లేచింది. కోడలి చెంచా ఆగింది.

"పటం మీద కొలిచింది చాలదంటారేమో. నేల మీద గొలుసు లాగుతాను. నూట నలభై ఆరు గొలుసులకు కాస్త ఎక్కువ. నువ్వు ఒక కొస పట్టుకో రా," అన్నారు కొడుకుతో.

"సరళరేఖలోనా నాన్నా? మధ్యలో ఇళ్లుంటాయిగా."

"ఉంటే? తలుపు కొట్టి అడుగుదాం. రేఖ క్షురకుడి దుకాణంలోంచి పోతుంది, రంపపు మిల్లులోంచి పోతుంది, పళ్ల డాక్టరు స్నానాలగదిలోంచి పోతుంది. ఆదివారం కదా, ఇంట్లోనే ఉంటాడు."

"స్నానాలగదిలోనే ఉంటే?" అన్నాయి సూదుల మధ్యనుంచి మాటలు.

మామగారు పటం చంకలో పెట్టుకున్నారు. కోడలివైపు తిరిగారు. కూతురిమీది ప్రేమకన్నా కొలతమీది ప్రేమ ఎక్కువైనప్పుడు ఆయన గొంతు మెత్తబడుతుంది.

"అమ్మాయ్, భూమి ఒక్కటే. ఇల్లొకటే, బడి ఒకటే. దూరాలు రెండెలా ఉంటాయి తల్లీ? నీ యంత్రం తీయి. చూద్దాం."

కోడలు లేచి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆమె నడకలో తొందర లేదు. అది గమనించినవాడు భర్త ఒక్కడే. గమనించి, మళ్లీ జోడు తీశాడు.

తెరమీద ఊరు పరుచుకుంది. బడి దగ్గర ఒక చుక్క, ఆడపడుచు ఇంటి దగ్గర ఒక చుక్క, నడుమ ఎర్రటి గీత. గీత పక్కన అంకె: 3087.

"అదే! అదే అంకె!" అంది ఆడపడుచు, దొంగను సొత్తుతో సహా పట్టుకున్నట్టు.

కోడలు తెర అడుగున కుడిమూల ఉన్న చిన్న పెట్టెమీద వేలు ఆనించింది. వేలిగోరంత పెట్టె. అందులో ఎవరూ చదవనంత సన్నటి అక్షరాలు. ఆమె దాన్ని నొక్కి, వరుసలోంచి ఇంకో పేరు ఎంచింది. పటం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు కదిలి సర్దుకుంది. అదే గీత. పక్కన అంకె: 2940.

కుట్టుమిషను చక్రం దానంతటదే పావు చుట్టు తిరిగి ఆగింది.

"ఏం చేశావ్?" అన్నారు మామగారు.

"ప్రొజెక్షన్ మార్చాను మామయ్యా. భూమి గుండ్రం, తెర బల్లపరుపు. గుండ్రాన్ని బల్లపరుపు చేసే పద్ధతులు బోలెడున్నాయి. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు అందులో ఒకటి ముందే పెట్టి ఇస్తారు. మనం ఏమీ చెప్పకపోతే అదే. దాన్నే డిఫాల్ట్ అంటారు. ఇది మెర్కేటర్ అనే పాతకాలపు పటాలాయనది, ఓడలవాళ్ల కోసం పుట్టింది. దిక్కులు సరిగ్గా చూపిస్తుంది, భూమధ్యరేఖనుంచి పైకి పోయేకొద్దీ దూరాలు పెంచి చూపిస్తుంది. మన ఊరి దగ్గర ప్రతి కిలోమీటరూ వెయ్యీ యాభై మీటర్లని చెబుతుంది."

"మనకు ఓడలెక్కడివే?" అంది అత్తగారు.

"లేవత్తయ్యా."

"మరి ఎందుకు పెంచుతుంది?" అన్నాడు భర్త. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు పాపం. కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు సూదులన్నీ తీసి సూదుల దిండుకు గుచ్చింది. ఆమె మాట్లాడబోతున్నదనడానికి ఆ ఇంట్లో అది నగారా.

"ఇందులో అర్థం కాకపోవడానికేముందిరా!" మిషను పక్కనున్న బడి టోపీ అందుకుంది. ఆరు ముక్కలు కలిపి కుట్టిన గుండ్రటి టోపీ, నిన్న సాయంత్రమే పూర్తిచేసింది. అందరూ చూస్తుండగా కత్తెర మొనతో కుట్లు టపటపా విప్పేసి, అంచు మాత్రం వదిలేసి, బల్లమీద పరిచింది. ముక్కలు ఆకుల్లా విడివడ్డాయి. అంచు దగ్గర కలిసే ఉన్నాయి. పైకి పోయేకొద్దీ నడుమ సందులు.

"సందులుంటే మీకు పటం కాదంటారు. కనక వీటిని మూయాలి. ఎలా మూస్తారు? పైన సన్నగా ఉన్నచోట గుడ్డను అడ్డంగా సాగలాగాలి. అడ్డంగానే లాగితే గుడ్డమీది పువ్వు బొమ్మ పొట్టిదై వికారంగా ఉంటుంది. కనక నిలువునా లాగాలి. అంచు దగ్గర కొలత నిజం. పైకి పోయేకొద్దీ సాగిన కొలత. మీ పెట్టెలో ఉన్నవాడెవడోగాని, నా దగ్గర పనిచేస్తే మొదటిరోజే మాన్పించేదాన్ని. సాగదీసిన గుడ్డమీద టేపు పెట్టి కొలిచేవాడు దర్జీ కాదు."

శాస్త్రజ్ఞులు గ్రంథాలలో చెప్పే విషయాన్ని ఒక టోపీతో తేల్చేసిన ఆ విదుషీమణివైపు కోడలు కృతజ్ఞతగా చూసింది. టోపీ ఎవరిదని ఎవరూ అడగలేదు.

"సరే, యంత్రం తప్పు," అన్నారు మామగారు కోర్టు తీర్పులా. "కాని నాలుగేళ్లనుంచి దానిమీద పనిచేస్తున్నావు. ఆ పెట్టె ఒక్కసారైనా మార్చి చూడలేదా?"

"మొన్నటిదాకా లేదు మామయ్యా."

"ఎందుకని? ఎవడైనా కొత్తవాడు చేశాడంటే సరే. నా కోడలివి! అంత చిన్న పెట్టె ముట్టుకోవడానికి ఏమొచ్చింది? చేతులు పడిపోయాయా?"

కోడలు మీగడను ఇంకో మూలకు నెట్టింది.

"చెప్పమ్మా! ఏ దద్దమ్మ చెప్పాడు ముట్టుకోవద్దని?"

"మీరే," అంది అత్తగారు.

మామగారు భార్యవైపు తిరిగారు.

"మీరేనండీ. అది ఉద్యోగంలో చేరిననాడు, ఇదే బల్ల దగ్గర, దాని నెత్తిన చెయ్యిపెట్టి ఏమన్నారు? 'ఎవరో పెద్దవాళ్లు ఆలోచించి పాతిన రాయి ఉంటుంది. దాన్ని కదపకు. ఒక్క రాయి కదిపితే ఊరంతా కదులుతుంది.' నేను ఆ పక్కనే గుండీలు కుడుతున్నాను."

సర్వే కొలువులో అది వేదవాక్కు. కొలత రాయిని కదిపినవాడికి అక్కడ మంచినీళ్లు కూడా పుట్టవు. మామగారి చేతికింద పనిచేసినవాళ్లందరూ ఆ వాక్యాన్ని వంటబట్టించుకునే బయటికి వెళ్లారు. కోడలూ అంతే. మొదటిరోజు ఆ పెట్టెను చూసి, అందులో ముందే ఏదో నింపి ఉండడం చూసి, ఎవరో పెద్దవాళ్లు ఆలోచించి పెట్టారనుకుని, మనసులోనే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంది.

మామగారు కుర్చీ కోసం వెతికి, దొరక్క, గొలుసు పక్కనే నేలమీద చతికిలబడ్డారు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎవరితోనో కాదు, గొలుసుతోనే అన్నట్టు అన్నారు:

"అది ఎవరో పాతిన రాయి కాదే. బండిలోంచి జారి పడింది."

నవ్వవలసిన చోటే. ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం నవ్వనివ్వలేదు.

"వదినా!" అంది ఆడపడుచు. మూడు రోజుల్లో మొదటిసారి. గొలుసు దాటి వచ్చి, పంచదార డబ్బా తెరిచి, ఖాళీ గ్లాసులో రెండు చెంచాలు వేసుకుని, అందులో టీ లేదని అప్పుడు గమనించింది. "ఇంకేం? తప్పు తేలిపోయింది. రేపు పదింటికి కదా జాబితా ఖాయం చేసేది? పొద్దున్నే వెళ్లి దిద్దెయ్యి. ఇంత చిన్నదానికి మూడు రోజులు ముఖం మాడ్చుకుని కూర్చున్నావేం?"

"ముఖం మాడ్చుకుంది నువ్వు," అన్నాడు అన్న. అప్పుడే అతనికి ఏదో తట్టి ఆగాడు. "అయితే ఒకటి. సొంత మేనకోడలి కోసం గీత జరిపిందని అనరూ?"

"అంటే నేను చెబుతాను!" అన్నారు మామగారు నేలమీదనుంచి. "తప్పు నాదని సంతకం పెడతాను. గొలుసుతో సహా వస్తాను."

"అది కాదు మామయ్యా," అంది కోడలు. "అంటే అననీ. దానికి కాదు."

అందరూ ఆమెవైపు చూశారు.

"నాకు శుక్రవారం సాయంత్రమే తెలిసింది. ఉత్తరాలు వెళ్లిపోయిన రెండు గంటలకు. అప్పటినుంచీ లెక్క చూసుకుంటూనే ఉన్నాను. బడిలో సీట్లు అరవై. తప్పుడు వలయంలో పిల్లలు యాభై ఎనిమిది మంది. కనక అందరికీ సీటు. నిజం వలయం గీస్తే డెబ్బై నాలుగు మంది."

"అయితే?"

"నాలుగో నియమం. వలయంలో పిల్లలు సీట్లకన్నా ఎక్కువుంటే, ముందిచ్చిన సీట్లన్నీ రద్దు. అందరికీ చీట్లు తీస్తారు."

"అందరికీ అంటే?" అంది ఆడపడుచు, గొంతు మొదటిసారి పాకలోంచి గదిలోకి వచ్చి.

"అందరికీ. సీటొచ్చిన మా దానికి కూడా."

అత్తగారి చూపు బల్లమీద విప్పేసిన టోపీ మీద పడింది. పక్కనే రెండు బడి గౌన్లు: ఒకటి ఇస్త్రీ కూడా చేసి మడతపెట్టినది, ఒకటి ఒక చెయ్యి కుట్టి ఆగిపోయినది. ఉత్తరం రాకముందు రెండూ ఒకే తానులోంచి కత్తిరించింది.

అంతలో వాకిట్లోనుంచి పెద్దపిట్ట, చిన్నపిట్ట వచ్చాయి. పెద్దపిట్ట కోడలి కూతురు, చిన్నపిట్ట ఆడపడుచు కూతురు. వయసులో తేడా పదకొండు రోజులు. పెద్దపిట్టకు కొన్న కొత్త బడి బూట్లను చెరొకటి తొడుక్కుని, చేతులు చాపి, గొలుసుమీద ఒకదాని వెనక ఒకటి అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాయి.

"తాతయ్యా, కాలు తీయి. కింద మొసళ్లున్నాయి."

మామగారు కాలు తీశారు.

"అత్తా," అంది చిన్నపిట్ట కోడలితో, ఒంటిబూటు మీద తూలుతూ, "బడిలో మేమిద్దరం కిటికీ పక్క బెంచీలో కూర్చుంటాం. అది కుడివైపు, నేను ఎడమవైపు. మాట్లాడేసుకున్నాం."

ఫోను మోగింది.

కోడలి ఫోను చెవి దగ్గర వినపడడం మానేసి రెండు నెలలైంది. బల్లమీద పెట్టి, అందరికీ వినపడేలా మాట్లాడడమే గతి. కార్యాలయ అధికారి. ఒకప్పుడు ఇదే గొలుసు రెండో కొస పట్టుకుని మామగారి వెనక పరిగెత్తిన మనిషి.

"సెలవునాడు ఇబ్బంది పెడుతున్నానమ్మా. బడి జాబితా రేపటికి సిద్ధం చేసేస్తున్నాను. మార్పులేమీ లేవుగా? ఎవరూ ఏమీ చెప్పకపోతే ఉన్నదే ఖాయం."

ఏమీ చెప్పకపోతే. శుక్రవారంనుంచి ఆమె చేస్తున్నది కూడా అదే.

ఆడపడుచు గభాలున వదిన మణికట్టు పట్టుకుంది. ఫోను వినకుండా, పెదవులతో మాత్రం అంది: 'చెప్పకు వదినా. వద్దు. మా దాన్ని ఇంకో బడిలో వేసుకుంటాను.'

మూడు రోజులు ఎనభై ఏడు మీటర్ల కోసం ఇల్లు పీకి పందిరి వేసిన మనిషి ఆమే.

కోడలు భర్తవైపు చూసింది. జోడు కోసం అతని చెయ్యి ముక్కుదాకా వెళ్లి, అక్కడే ఆగి, కిందికి దిగింది.

"చెప్పు," అన్నాడు.

"రెండువైపులా చూడరా?" అంది ఆమె మెల్లగా.

"చూశాను. ఇలాగే బాగుంది."

"హలో? అమ్మా?" అంది ఫోను.

"ఒక మార్పుంది సార్," అంది కోడలు. చెప్పింది. పెట్టె సంగతి, ఓడల సంగతి, వెయ్యీ యాభై మీటర్ల సంగతి, డెబ్బై నాలుగు మంది సంగతి. ఆ ఆఖరి అంకెను రెండుసార్లు చెప్పింది.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"కొత్తగా లోపలికి వచ్చేవాళ్లలో మీవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా? రేపు అడుగుతారు, అందుకని."

"ఉన్నారు సార్. సీటు పోయే అవకాశమున్నవాళ్లలో కూడా ఉన్నారు."

అవతల కలం మూత తీసిన చప్పుడు.

"రాసివ్వండి," అన్నాడు అధికారి. "రేపు తొమ్మిదింటికి రండి, నేనూ సంతకం పెడతాను. ఆ పెట్టె నేనూ చూశానమ్మా. కదపకూడదనుకున్నాను. మీ మామగారి దగ్గర నేర్చుకున్నవాళ్లమే కదా అందరం."

ఆడపడుచు వదిన మణికట్టు వదల్లేదు. పట్టు మాత్రం మారింది. అత్తగారు ఒంటిచేతి గౌనును మిషను కిందికి లాక్కుంది. మామగారు బరువు దిగినట్టు ఊపిరి వదిలి, పిట్టలను దింపి, గొలుసును లింకు మీద లింకు వేసి చుట్టడం మొదలుపెట్టారు.

"ఒక్కమాటమ్మా," అంది ఫోను, పెట్టేయబోతూ. "నాలుగేళ్లలో ఆ పెట్టెతో మనం గీసిన వలయం... ఇదొక్కటేనా?"

కోడలి చేతి వేళ్లు ఆమెకు తెలియకుండానే మడతపడడం మొదలుపెట్టాయి. అగ్నిమాపక బండ్ల వలయం. చెత్త బండ్ల వలయం. ఆసుపత్రి చుట్టూ హారన్ కొట్టరాదన్న వలయం. బడికి ఇంత దూరంలోపల సారా దుకాణం ఉండరాదన్న వలయం. ఒక చెయ్యి అయిపోయి, రెండో చేతికి వచ్చింది.

మామగారు ఆ వేళ్లనే చూస్తున్నారు. సగం చుట్టిన గొలుసును ఒక్క క్షణం ఒళ్లో పెట్టుకుని, మళ్లీ విప్పడం మొదలుపెట్టారు.